సంతకమునకు ముందు తూకము

సంతనాడు పాచిపెంటలో చింతపండు గంపను దింపిన తల్లి, కాటా ముల్లు నడుమకు వచ్చి నిలిచినదో లేదో తన కన్నులతో చూచుకొననిదే షావుకారు చేతిని గంపమీద పడనీయదు. చెట్టు దులిపి, పెంకు కొట్టి, పిక్క తీసి, ఎండబెట్టి, కొండ దిగి మోసుకొని వచ్చిన ఆ సరుకు విలువ ఆమెకు భుజముల నొప్పిగా తెలిసియుండుటయే అందుకు కారణము. అట్టి తల్లికి పుట్టి, వరి కోసిన మళ్ళలో మోళ్ళు గుచ్చుకొనుచుండగా వట్టికాళ్ళతో బంతి తన్నుట నేర్చిన కుమారుడు, రేపొకనాడు నగరపు క్లబ్బువారు తెచ్చిన ఇరువది పుటల కాగితములో మొదటి పుటలోని అంకెను మాత్రము చూచి చివరి పుటలో చేవ్రాలు చేయుట తగునా?

ఈ అధ్యాయము ఆ కుమారునికొరకు, అతని చెల్లెలికొరకు, వారి పక్కన కూర్చుండి ఆ కాగితమును చూడవలసిన తల్లిదండ్రులకొరకు, ఆశ్రమ పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయునికొరకు వ్రాసినది. ‘మన మన్యమునకు అట్టి కాగితము ఎన్నడు వచ్చును?’ అని సంశయింపకుడు. నిజామాబాదు జిల్లాలోని ఒక లంబాడీ తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బు పక్షమున ఆడుటకు వెళ్ళినది. తండాకు వచ్చిన కాగితము గూడెమునకు రాకపోదు. వచ్చునప్పుడు అది ముందుగా కబురు చేసి రాదు. ‘సాయంత్రములోగా సంతకము కావలెను, లేనిచో వేరొకరిని చూచుకొందుము’ అను తొందరను వెంటబెట్టుకొని వచ్చును. కావున తొందర లేని ఈనాడే కూర్చుండి నేర్చుకొందము. ఇందుకు కూడిక, తీసివేత, భాగహారము వచ్చిన చాలును.

1. అంకెను నాలుగు కుప్పలుగా పోయుడు

‘ఏడాదికి 12 లక్షలు’ అని క్లబ్బు ప్రతినిధి చెప్పినాడనుకొనుడు. తండ్రి వెంటనే నెలకొక లక్ష అని లెక్కగట్టి, ఇంటి కప్పుకు ఇంత, కూతురి పెండ్లికి ఇంత అని మనస్సులోనే వెచ్చించుట మొదలుపెట్టును. అందరును చేయు మొదటి పొరపాటు ఇదియే. కళ్ళములో నూర్చిన పిమ్మట గింజ వేరు, తాలు వేరు, విత్తనము వేరు, అప్పునకు కొలువవలసినది వేరు చేయుదుము గదా. ఈ అంకెనుగూడ అట్లే విడదీయవలెను. ఆడినను ఆడకున్నను నెలనెలా చేతికి వచ్చు స్థిర జీతమెంత? సంతకమునాడిచ్చు సంచకారమెంత? మైదానములోనికి దిగినచో, గోలు కొట్టినచో, జట్టు గెలిచినచో మాత్రమే వచ్చు బోనసు ఎంత? బస, భోజనము, ప్రయాణము అను పేర లెక్కలో కలిపినదెంత?

అట్లు విడదీయగా స్థిర జీతము 6 లక్షలు, సంచకారము 1 లక్ష, బోనసులు 3 లక్షలు, బస, భోజనములు 2 లక్షలు అని తేలినదనుకొనుడు. లక్ష యనుకొన్న నెలజీతము 50 వేలయినది. ఆ మూడు లక్షల బోనసునకు ఇరువది ఆటలు ఆడవలెనని షరతున్నది. అదే స్థానములో జాతీయ జట్టు ఆటగాడొకడు ఇదివరకే ఉన్నాడు. క్రొత్తగా వచ్చిన పంతొమ్మిదేండ్ల యువకునికి బెంచిమీద కూర్చుండుటయే మొదటి ఏటి ఉద్యోగము. కనుక బోనసును రాని వానగా భావించి, స్థిర జీతముమీదనే మీ సంసారపు లెక్క వేసికొనుడు. ఒప్పందము పన్నెండు నెలలకా, సీజను నడుచు కొన్ని నెలలకేనా అనునదికూడ ఇక్కడనే అడుగుడు.

పన్ను సంగతి ఒకటి కలదు. క్లబ్బు పన్నును ముందే కోసి మిగిలినది ఖాతాలో వేయును. పాన్ కార్డు ఇవ్వనిచో ఆ కోత మరింత హెచ్చగును. ఈశాన్య రాష్ట్రములలోని షెడ్యూల్డు తెగలవారికి అచ్చటి ఆదాయముపై నున్న మినహాయింపు మన ఆంధ్రప్రదేశపు ఏజెన్సీకి వర్తించదు. ‘మనమును ఎస్టీలమే గదా’ యని ఊరకుండినచో తరువాత నోటీసుకు జవాబు చెప్పుకొనవలసి వచ్చును.

2. సంచకారమా, అప్పా?

జీడిమామిడి పూతమీద నుండగానే షావుకారు ఇచ్చు అడ్వాన్సును మీరెరుగుదురు. పిక్క రాలునప్పటికి ధర చెప్పు హక్కు అతనిది, తలయూచు పని మనది. సంతకమునాడు క్లబ్బు ఇచ్చు పెద్ద మొత్తముకూడ కొన్ని కాగితములలో అట్టిదే. మధ్యలో మిమ్మును వదలుకొన్నను, మీరు వెళ్ళిపోయినను, తిరిగి రాబట్టుకొందుమని ఒక వాక్యము పదునాలుగవ పుటలో నక్కియుండును. అది కనుగొనుటకు ఆంగ్లములో పాండిత్యము అక్కరలేదు. ఒక ప్రశ్న అడుగగల ధైర్యము చాలును.

“బాబూ, ఈ లచ్చ మాకిచ్చేసినట్టా, మళ్ళీ ఎనక్కి తీసుకుంతారా?”

“ఇచ్చేసినట్టే పెద్దయ్యా, నువ్వు దిగులెట్టుకోకు.”

“అలగైతే ఆ ముక్క కాయితమ్మీద రాసీ బాబూ.”

ఈ మూడవ మాటయే ముఖ్యము. మొదటి ప్రశ్న అడుగువారు పలువురు. మూడవ మాట అనువారు అరుదు. అనుట మర్యాదకు భంగమని సంకోచింపకుడు. కాటా చూచుకొనుట షావుకారుకు అవమానమైనచో సంత జరుగునా?

3. జట్టు పద్దును మీరును చదువుడు

ఇది ఈ అధ్యాయమునకు గుండెకాయ వంటిది గనుక ఇచ్చట కొంత నిదానించెదను. ఆటగాడు తన కాగితమునే చదువుకొనును. క్లబ్బు మాత్రము ముప్పది మంది కాగితములను ఒకే పద్దులో చదువుచుండును. మిమ్ము తీసికొనుటకును, అట్టిపెట్టుటకును, విడిచిపుచ్చుటకును కారణము తరచుగా మీ కాలిలో గాక ఆ పద్దులో ఉండును.

జీతముల పరిమితి యనగా ఒక లీగులోని ఏ జట్టయినను ఆటగాండ్రందరి జీతములకు కలిపి ఇంతకు మించి వెచ్చింపరాదని గీసిన గీత. ధనికుడైన యజమాని మంచి ఆటగాండ్రనందరను కొనివేసి ఆటను నిస్సారము చేయకుండుటకును, పోటీపడి అప్పులపాలు కాకుండుటకును ఇది ఏర్పడినది. చేతబట్టి పరుగెత్తు అమెరికా ఫుట్‌బాల్ లీగులో ఈ గీతను 1994లో 3 కోట్ల 46 లక్షల డాలర్ల వద్ద గీసిరి. 2025 నాటికి అది 27 కోట్ల 92 లక్షల డాలర్లయినది. మన ఇండియన్ సూపర్ లీగులో పలు సీజన్లపాటు ఒక్కొక్క జట్టునకు గీత 16 కోట్ల 50 లక్షల రూపాయలు.

గీత ఆటగానికెట్లు తగులునో తెలియుటకు మన కబడ్డీయే దగ్గరి దృష్టాంతము. 2023లో జరిగిన ప్రొ కబడ్డీ వేలములో జట్టు పర్సు, అనగా వెచ్చింపదగిన మొత్తము, 5 కోట్లు. తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. అనగా సగమునకు పైగా ఒక్కని పేర వ్రాసిరి. జట్టులో కనీసము 18 మంది ఉండవలెను. మిగిలిన 2 కోట్ల 39 లక్షల 50 వేలను పదునేడుగురికి సమముగా పంచినను తలకు 14 లక్షలు చిల్లర. ఆ సీజనులో జట్టు పట్టిక అట్టడుగున నిలిచినది. పవన్ గొప్ప ఆటగాడు. ఆ ధర అతని ప్రతిభకు తగినదే కావచ్చును. కాని కుండలోని అంబలి ఒక్కటే గనుక, ఒకరి చిప్ప నిండుగా వంచినప్పుడు తక్కినవారి చిప్పలు వెలితిపడక తప్పదు.

ఇప్పుడు మీ సంగతికి రండు. ‘నీ ఆట మాకు నచ్చినది, కాని ఇంతకంటె ఇవ్వలేము’ అని క్లబ్బువారు చెప్పినప్పుడు రెండర్థములుండును: మీ విలువ అంతేనని ఒకటి, గీతకు దిగువ వారికి మిగిలిన చోటు అంతేనని రెండవది. మొదటిదైనచో ఆటను మెరుగుపరచుకొనవలెను. రెండవదైనచో వేరొక జట్టు తలుపు తట్టవలెను. ఏది నిజమో తెలియనివాడు తన్ను తాను తక్కువ చేసికొని కృంగిపోవును. ఎందరు యువకులు ఇట్లు కృంగి ఆట మానుకొందురో! మీ స్థానములో ఇప్పుడెందరున్నారు, వారిలో ఈ యేడు ఎవరి ఒప్పందము ముగియుచున్నది, విదేశీ ఆటగాండ్ర స్థానములు నిండినవా అని అడిగి తెలిసికొనుడు. పెద్ద పేర్లు నిండకముందు వెళ్ళినవానికి దక్కునది, నిండిన తరువాత వెళ్ళినవానికి దక్కదు.

4. ఎడ్ల లెక్క

ఒక రైతు 50 వేలు పోసి జత ఎడ్లను కొనెననుకొందము. డబ్బు ఒక్కనాడే పోయినది. కాని ఎడ్లు ఐదేండ్లు దున్నును గనుక ఏటికి 10 వేల చొప్పున ఖర్చు పడినట్లు లెక్కించుట సమంజసము. రెండేండ్లు దున్నిన పిమ్మట ఎడ్లు లోయలో పడి పోయినచో? లెక్కలో మిగిలిన 30 వేలును ఆ యేటి నెత్తిమీదనే ఒక్కసారిగా పడును.

అమెరికా ఫుట్‌బాల్ పద్దు సరిగా ఇట్టిదే. కోటి డాలర్ల సంచకారమును ఆటగాడు మొదటనే పుచ్చుకొనును. పరిమితి లెక్కలో మాత్రము దానిని ఒప్పందపు ఏండ్లమీద, గరిష్ఠముగా ఐదేండ్లమీద పరతురు. ఏటికి 20 లక్షలు. రెండేండ్లకు అతనిని వదలుకొన్నచో మిగిలిన 60 లక్షలు పద్దు నెక్కి కూర్చుండును. ఆడనివాని పేర జట్టు గీతలోని చోటును పోగొట్టుకొనును. మనము తన్ను బంతియాటలో, ఐరోపా క్లబ్బులు మరొక క్లబ్బునకు చెల్లించిన బదిలీ సొమ్మును ఇట్లే ఏండ్లమీద పరచును. చెల్సీ క్లబ్బు 2023 జనవరిలో ఉక్రెయిన్ యువకుడు మిఖైలో ముద్రిక్‌కు ఎనిమిదిన్నరేండ్ల ఒప్పందమిచ్చినప్పుడు చూచువారాశ్చర్యపడిరి; ఏండ్లు పెరిగినకొలది ఏటేటి ఖర్చు పలుచబడును గదా! ఆ యేడే ఐరోపా ఫుట్‌బాల్ సంఘమైన యుయెఫా ఇట్లు పరచుకొనుట ఐదేండ్లకు మించరాదని కట్టడి చేసినది.

ఇందు మీరు గ్రహింపవలసినదేమి? పొడవైన ఒప్పందము మీయందలి ప్రేమకు మాత్రమే గుర్తు కాదు. పద్దును పలుచన చేయు ఉపాయమును కావచ్చును. మీ పేర పద్దులో మిగిలినది హెచ్చుగా ఉన్నచో మిమ్ము సులభముగా వదలలేరు. ఏమియు లేనిచో, ఖర్చు తగ్గించుకొనవలసిన నాడు మొదట చెరిపివేయబడు పేరు మీదే. కనుక ‘మూడేండ్ల కాంట్రాక్టు’ అను మాటకు మురియకుడు. రెండవ, మూడవ ఏటి జీతమునకు హామీ కలదా? వదలుకొన్నచో నాకెంత ఇత్తురు? ఈ రెండు ప్రశ్నలకును జవాబు కాగితములోనే ఉండవలెను.

5. రెండవ కాగితమును ముట్టకుడు

పరిమితి గీత దాటకుండ మిమ్ము సంతోషపెట్టుటకు, ‘ఇది ఒప్పందము, ఇది మన మధ్య వేరే మాట’ అని రెండవ కాగితము చూపువారుందురు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ స్టార్మ్ అను రగ్బీ లీగు జట్టు ఇట్లు రెండు లెక్కలు నడిపి 2010లో పట్టుబడగా, 2007, 2009 సంవత్సరములలో గెలిచిన కిరీటములను లీగువారు వెనుకకు తీసికొనిరి. గెలిచిన ఆటగాండ్ర చెమట అబద్ధము కాదు. అయినను ఆ గెలుపు చెరిగిపోయినది. ఇచ్చట చిన్న ఆటగానికి కీడు ఇంకను ఎక్కువ: నమోదు కాని కాగితముమీది సొమ్ము ఎగవేసినచో, ఏ కమిటీ ముందు ఏమని మొరపెట్టుకొందురు?

6. గీత ఆపగలదు గాని ఇప్పింపలేదు

పరిమితి యున్నది గదా, క్లబ్బు అప్పులపాలు కాదు గదా, నా జీతము భద్రమే గదా అని తలచుట మరొక పొరపాటు. మన తెలుగు నేలమీద జరిగినదే చూడుడు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి సూపర్ లీగు విజేత యైనది. రెండేండ్లు తిరుగకమునుపే ఆటగాండ్రకు, సిబ్బందికి జీతముల బకాయిలు, మాజీ ఆటగాండ్ర ఫిర్యాదులు, క్రొత్తవారిని నమోదు చేయరాదని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘమైన ఫిఫా నిషేధము వరుసగా వచ్చిపడినవి. విదేశీ ఆటగాండ్రు పలువురు సీజను నడుమనే వెళ్ళిపోయిరి. 2023–24 సీజనులో 22 ఆటలలో ఒక్కటి గెలిచి కడపటి స్థానమున నిలిచినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరే మార్చుకొన్నది. అందరికిని ఒకే పరిమితి వర్తించిన లీగులోనే ఇదంతయు జరిగినది. గీత ఎక్కువ ఇచ్చుటను ఆపగలదు; ఇవ్వవలసినదానిని ఇప్పించు శక్తి దానికి లేదు. ఆ పని మీరు, మీ కాగితము, నియమావళి కలిసి చేయవలెను.

ఫిఫా నియమము ప్రకారము రెండు నెలల జీతము గడువు దాటియున్నచో, ఆటగాడు క్లబ్బునకు లిఖితపూర్వకముగా తాకీదు ఇచ్చి కనీసము 15 దినముల గడువు చూపవలెను. అప్పటికిని చెల్లించనిచో న్యాయమైన కారణముతో ఒప్పందమును రద్దు చేసికొని, బకాయిని, నష్టపరిహారమును కోరవచ్చును. యువకులు చేయు తప్పు ఏమనగా, నోటిమాటతో నాలుగైదు నెలలు ఓపిక పట్టుదురు, ఆపై కోపము వచ్చి రాత్రికి రాత్రి బస్సెక్కి సాలూరులో దిగుదురు. తాకీదు లేకుండ వెళ్ళినవాడు తానే ఒప్పందమును తప్పినవాడగును! కోపము వచ్చినను ముందు ఉత్తరము వ్రాయుడు, నకలు దాచుకొనుడు, బస్సు మరునాడును ఉండును.

‘మా చేతిలో లేని కారణములచే’ ఒప్పందమును నిలిపివేయవచ్చునను వాక్యముమీదను కన్నుంచుడు. 2025 జూలైలో సూపర్ లీగు రాబోవు సీజను నిలిచిపోగా, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాండ్రకు, సిబ్బందికి జీతములను నిరవధికముగా ఆపుచున్నట్లు ప్రకటించినది. ఆటలు లేని నెలలలో జీతమేమగునో మీ కాగితము చెప్పుచున్నదా?

7. ఎంతకాలము కట్టుబడుదురు?

పదునెనిమిదేండ్లు నిండనివాని ఒప్పందము మన 1872 నాటి ఒప్పంద చట్టము ముందు చెల్లదు. అందుచేతనే తల్లిదండ్రుల సంతకము కోరుదురు. ఫిఫా నియమము పదునెనిమిది లోపువారికి మూడేండ్లు, పైవారికి ఐదేండ్లు గరిష్ఠమని నిర్ణయించినది. ఒప్పందము ముగియుటకు ఆరు నెలల ముందునుండి మరొక క్లబ్బుతో సంతకము చేయుటకు ఆటగానికి స్వేచ్ఛ కలదు. ‘ఇచ్చట గడువు తీరిన తరువాతకూడ వేరెచ్చటను ఆడరాదు’ అను షరతు మన చట్టము ముందు నిలువదు. అది చూచి భయపడకుడు.

ఈ స్వేచ్ఛ ఊరక రాలేదు. ఒకప్పుడు ఈ మన్యములో గోతి యను పద్ధతి యుండెడిది. షావుకారు వద్ద తీసికొన్న అప్పునకు మనిషి తన కాయకష్టమునే తాకట్టుపెట్టి, అది తీరునంతవరకు ఆ యింట పడియుండవలెను. ఐరోపాలో 1995 వరకు బంతియాటగాని స్థితికి దీనితో పోలిక కలదు: గడువు తీరినను, మరొక క్లబ్బు సొమ్ము చెల్లించినగాని పాత క్లబ్బు అతనిని విడువదు. లియేజ్ క్లబ్బువాడు, బెల్జియం దేశీయుడు జాన్ మార్క్ బోస్మన్ న్యాయస్థానమునకెక్కి ఐదేండ్లు పోరాడి, ఆ డిసెంబరు 15న తీర్పు పొందినాడు. అతని ఆటజీవితము ఆ వ్యాజ్యములోనే కరిగిపోయినది. ఫలము తరువాతివారందరు అనుభవించుచున్నారు. కనుక ‘పొడిగించుకొను హక్కు క్లబ్బునకు మాత్రమే కలదు’ అను వాక్యము కనబడినచో, ఆ హక్కు ఇరువైపుల ఉండవలెనని, లేదా పొడిగించినచో జీతమింత పెరుగవలెనని నిస్సంకోచముగా కోరుడు.

8. కాలు విరిగిననాడు

సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిన భారత ఫుట్‌బాల్ జట్టులోను, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో స్వర్ణము గెలిచిన జట్టులోను ఆడిన మహనీయుడు. ఊపిరితిత్తుల వ్యాధి సోకగా 1963లో, ముప్పదియేండ్లు నిండకమునుపే ఆట విడువవలసి వచ్చెను. అంతటివానికే ఆట కాలము అంత కురచ. గాయపడిన నెలలలో జీతము నడచునా, చికిత్స వ్యయమెవరిది, బీమా ఎవరి పేరనున్నది? ఇంకొక సంగతి: వైద్యపరీక్ష సంతకమునకు ముందే జరుగవలెను, సంతకమైన తరువాత ‘పరీక్షలో నెగ్గలేదు గనుక ఒప్పందము చెల్లదు’ అనుట ఫిఫా నియమమునకు విరుద్ధము.

9. నకలు

సంతకమైన కాగితపు నకలు ఆ దినముననే మీ చేతికి రావలెను. ‘పోస్టులో పంపుదుము’ అన్నచో కలమును మూసివేయుడు.

కడపట ఈ మాట ఆటగానికి గాక, పాచిపెంట మండలములోని ఉపాధ్యాయులకును, ఊరిపెద్దలకును చెప్పుచున్నాను. ఆటగాడొకడు ఒక దేశమునుండి మరొక దేశపు క్లబ్బునకు సొమ్ముమీద బదిలీయైనచో, ఆ సొమ్ములో నూటికి ఐదు అతనికి 12వ యేటినుండి 23వ యేటివరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచవలెనని ఫిఫా నియమమున్నది. 12 మొదలు 15 వరకు ఏటికి నూటికి పావు రూపాయి చొప్పున, ఆ నాలుగేండ్లు పెంచిన క్లబ్బునకు నూటికి ఒక రూపాయి వచ్చును. కోటి రూపాయల బదిలీకి లక్ష. మన గెడ్డ ఒడ్డు మైదానమునకు గోలుస్తంభములు, పిల్లలకు బూట్లు కొనుటకు అది చిన్న సొమ్ము కాదు. కాని ఆ వాటా పాఠశాల జ్ఞాపకములకు రాదు. సంఘములో చేరిన క్లబ్బు పేర, ఆటగాని నమోదు పత్రములో ఆ యేండ్లు వ్రాసియున్నప్పుడే వచ్చును. నేడు మళ్ళలో ఆడుచున్న పన్నెండేండ్ల పిల్లలలో ఏ ఒక్కరి పేరయినను ఎక్కడనైనను వ్రాసియున్నదా? నలుగురు కలిసి ఒక క్లబ్బును ఏర్పరచి, జిల్లా ఫుట్‌బాల్ సంఘములో చేర్చి, ఈ సీజను గడువు ముగియకముందే ఆ పిల్లల పేర్లు నమోదు చేయింపుడు.